అస్తూరియాస్ గనుల్లో మూడు అక్షరాలు



ఈ రోజు మీకు మూడు అక్షరాల కథ ఒకటి చెప్పాలని వచ్చాను. యు, హెచ్, పి. 1934 అక్టోబరులో స్పెయిన్ దేశపు ఉత్తర తీరాన, అస్తూరియాస్ అనే బొగ్గుగనుల సీమలో ఈ అక్షరాలు గోడల మీదా లారీల మీదా ఎక్కడ పడితే అక్కడ కనిపించాయి. 'ఉనీయోస్ ఎర్మానోస్ ప్రొలెతారియోస్' అన్న స్పానిష్ మాటలకు ఇవి పొడి అక్షరాలు. శ్రామిక సోదరులారా, ఏకం కండి అని అర్థం. ఎర్మానోస్ అంటే సోదరులు. వ్రాసేటప్పుడు ముందు హెచ్ పెడతారు, పలికేటప్పుడు మింగేస్తారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష పెట్టుకుని బతికే మనబోటి వాళ్ళకు ఇలాంటివి కొత్తేమీ కాదు లెండి.

మీకు వెంటనే ఒక సందేహం రావచ్చు. కార్మికులంతా ఏకం కావాలని ఎర్రజెండా పట్టిన ప్రతివాడూ అంటూనే ఉంటాడు కదా, ఇందులో విశేషమేముంది అని. విశేషం ఏమిటంటే, అక్కడ ఒకరంటే ఒకరికి గిట్టని పక్షాలు నిజంగానే కూర్చుని కాగితం మీద సంతకాలు పెట్టాయి. ఆ కాగితంలో ఏముందో, అది ఎంతవరకు పనిచేసిందో, ఎక్కడ చినిగిందో చెప్పడమే నా ఉద్దేశం.

నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల దగ్గర. 2001లో గనులు మూసేసే దాకా అక్కడ తెలుగువాళ్ళు, తమిళులు, కన్నడిగులు ఒకే ఇనుప బోనులో భూమి లోపలికి దిగేవారు. పైకి వచ్చాక మాత్రం ఎవరి సంఘం వారిది, ఎవరి జెండా వారిది. అందుకేనేమో అస్తూరియాస్ గనివాళ్ళ సంగతి మొదటిసారి చదివినప్పుడు అది పరాయి దేశపు చరిత్ర అనిపించలేదు.

అసలు ఆ పక్షాలు ఏవి? మొదటిది సోషలిస్టులు. వారి కార్మిక సంఘం 1888లో పుట్టింది. పేరు యు.జి.టి. ఎన్నికలు, చట్టాలు, జీతాల ఒడంబడికలు వారి దారి. రెండోది అనార్కిస్టులు. అసలు ప్రభుత్వమనేదే వద్దు, పొలాలనూ ఫ్యాక్టరీలనూ కార్మిక సంఘాలే నడుపుకోవాలి అనేవారు. వారి సంఘం సి.ఎన్.టి., 1910లో ఏర్పడింది. మూడో పక్షం కమ్యూనిస్టులు. అప్పటికి సంఖ్యలో చిన్నవారే గాని, గొంతు పెద్దది.

వీరి మధ్య ఉన్నది ఊరికే సిద్ధాంతాల తగువనుకునేరు. 1923 నుంచి ఏడేళ్ళపాటు స్పెయిన్‌లో సైనిక నియంతృత్వం నడిచింది. ఆ కాలంలో సి.ఎన్.టి.ని అణచివేశారు. అదే సమయంలో సోషలిస్టు నాయకుడు లార్గో కబాయెరో ప్రభుత్వ సలహామండలిలో కూర్చున్నాడు. 1931లో గణతంత్రం వచ్చాక ఆయనే కార్మిక మంత్రి అయ్యాడు. 1933 జనవరిలో కసాస్ వియెహాస్ అనే దక్షిణాది పల్లెలో అనార్కిస్టులు తిరగబడితే పోలీసులు 20 మందికి పైగా గ్రామస్థులను చంపారు. సోషలిస్టులు కూడా ఉన్న ప్రభుత్వమే అప్పుడు అధికారంలో ఉంది. కమ్యూనిస్టులేమో సోషలిస్టులను ఫాసిస్టుల తమ్ముళ్ళని పత్రికల్లో తిట్టిపోసేవారు. మనవైపు 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు అన్నదమ్ములు చెరో జెండా పట్టిన ఇళ్ళు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. స్పెయిన్‌లో అయితే నెత్తురు కూడా కారింది. అలాంటివాళ్ళు కలవడం ఎంత కష్టమో ఆలోచించండి.

కలిపింది భయం. 1933 ఆరంభంలో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. అక్కడ సోషలిస్టులు, కమ్యూనిస్టులు ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ఉండి, ఇద్దరూ జైళ్ళకు పోయారు. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియా సోషలిస్టులు వియన్నాలో ఆయుధాలు పట్టారు, నాలుగు రోజుల్లో అణగిపోయారు. స్పెయిన్‌లో 1933 నవంబరు ఎన్నికల్లో మితవాద పక్షాలు గెలిచాయి. తర్వాతి వంతు మనదే అన్న బెదురు గని కార్మికుల్లో బలంగా పట్టుకుంది.

అయినా ఒప్పందం అన్ని చోట్లా కుదరలేదు. సి.ఎన్.టి. పెద్దలు సోషలిస్టులను నమ్మలేమన్నారు. అస్తూరియాస్ శాఖ ఒక్కటే ఆ మాట వినలేదు. దీనికి పాత పునాది ఉంది. గిహోన్ ఓడరేవు పట్టణంలో ఎలియుతేరియో క్వింతానియా అనే అనార్కిస్టు ఉండేవాడు. పిల్లలకు బడి నడిపిన ఉపాధ్యాయుడు. రెండు కార్మిక సంఘాలూ కలవాలని 1919లోనే మాద్రిద్ మహాసభలో వాదించి ఓడిపోయాడు. మాట నెగ్గలేదు గాని, ఆ ఊరి వాళ్ళ చెవుల్లో మాత్రం మిగిలింది. (మా వృత్తివాడని కాస్త అభిమానం చూపిస్తున్నానేమో, మన్నించండి.)

1934 మార్చి 28న సంతకాలయ్యాయి. సాంఘిక విప్లవం కోసం ఇరు సంఘాలూ కలిసి పనిచేస్తాయి. ఒవియెదో నగరంలో ఉమ్మడి కమిటీ ఉంటుంది. ఒక పక్షానికి తెలియకుండా రెండోది బయటి పార్టీలతో బేరం పెట్టుకోదు. ఇతర కార్మిక పక్షాలు వస్తే తలుపు తెరిచే ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అన్నిటికంటే నచ్చిన షరతు ఇంకొకటి ఉంది. సంతకం పడిన రోజు నుంచి ఒకరి మీద ఒకరు దుష్ప్రచారం చేయడం మానాలి. ఎవరి సిద్ధాంతాన్ని వారు నెమ్మదిగా, తర్కంతో చెప్పుకోవచ్చు. అంతేగాని సంబంధాలు చెడిపోయేలా వ్రాయకూడదు, మాట్లాడకూడదు. ఎవరినీ నమ్మకాలు వదులుకోమని అడగలేదు చూడండి. నోరు అదుపులో పెట్టుకోమన్నారు, అంతే. కమ్యూనిస్టులు ఈ కూటమిని చాలాకాలం ఎగతాళి చేసి, సెప్టెంబరులో తామూ చేరారు.

అక్టోబరు 4న మితవాద కూటమివారు ముగ్గురు మంత్రివర్గంలోకి వచ్చారు. 5వ తేదీ తెల్లవారేసరికి గనిలోయల్లో పోలీసు ఠాణాల మీద డైనమైట్ పేలింది. మాద్రిద్‌లో సమ్మె నీరుగారిపోయింది. బార్సిలోనాలో కటలాన్ ప్రభుత్వం తిరగబడితే సి.ఎన్.టి. పక్కకు తప్పుకుంది, ఒక్క రాత్రిలో అంతా ముగిసింది. ఒప్పందం ఉన్న అస్తూరియాస్ మాత్రం సుమారు రెండు వారాలు నిలబడింది.

ఆ రెండు వారాల్లో వింతలు చాలా ఉన్నాయి. నలోన్ నది ఒక ఒడ్డున సామా, రెండో ఒడ్డున లా ఫెల్గెరా. మధ్యలో వంతెన. సామా సోషలిస్టుల ఊరు, కమిటీ ఆజ్ఞలూ క్రమశిక్షణా ఎక్కువ. వంతెన దాటితే అనార్కిస్టుల ఊరు, అక్కడ డబ్బే రద్దు చేశామన్నారు. లా ఫెల్గెరా వాళ్ళు మొదట ఈ ఒప్పందానికే అడ్డం చెప్పినవారు. తీరా సమయం వచ్చేసరికి తమ లోహపు ఫ్యాక్టరీలో లారీలకు ఇనుప రేకులు బిగించి పోరాటానికి పంపారు. ఒకరి పాలన పద్ధతిలో ఒకరు వేలు పెట్టలేదు.

కానీ తుపాకుల దగ్గరికి వచ్చేసరికి అనుమానం తల ఎత్తింది. సెప్టెంబరులో సోషలిస్టులు ఓడలో రహస్యంగా ఆయుధాలు తెప్పించుకున్నారు. అవి వారి చేతుల్లోనే ఉన్నాయి. అనార్కిస్టుల గిహోన్ ఓడరేవుకు తగినన్ని అందలేదు. మనుషుల్ని పంపి అడిగినా కొద్దిగానే దొరికాయి. ఒవియెదోలో పోరు ముమ్మరంగా ఉంది, బలమంతా అక్కడే కావాలి అని ఒక పక్షం సమాధానం. మీకు మా మీద నమ్మకం లేదు, అదీ సంగతి అని రెండో పక్షం నిష్ఠూరం. ఏది నిజమైనా, యుద్ధనౌక గిహోన్ మీద గుళ్ళు కురిపించింది, 10వ తేదీకి పట్టణం చేజారింది. మొరాకో సేనలూ విదేశీ దళమూ దిగడానికి రేవు దొరికింది. ఒప్పందం కోసం పాటుపడ్డ గిహోన్ నాయకుడు హోసే మరియా మార్తినెస్ రెండు రోజుల తర్వాత చనిపోయాడు. మాద్రిద్‌లో యుద్ధ మంత్రిత్వశాఖలో కూర్చుని ఈ సేనలను నడిపించినవాడు జనరల్ ఫ్రాంకో.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. అక్టోబరు 9న తురోన్ అనే గని ఊళ్ళో విప్లవకారులు ఒక బడి నడిపే ఎనిమిది మంది క్రైస్తవ ఉపాధ్యాయులను, ఒక మతగురువును కాల్చి చంపారు. అస్తూరియాస్ మొత్తంలో 30 మందికి పైగా మతగురువులు, మఠవాసులు హతమయ్యారు. పార్టీల మధ్య తిట్టుకోకూడదని షరతు వ్రాసుకున్నవారు, నిరాయుధుల మీద చెయ్యి చేసుకోకూడదని మాత్రం వ్రాసుకోలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఈ కథలో ఈ చోటు దాటడం ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

18వ తేదీన గనివాడైన బెలార్మినో తొమాస్ జనరల్ లోపెస్ ఓచోవాతో లొంగుబాటు మాట్లాడుకున్నాడు. గనిలోయల్లోకి వచ్చేటప్పుడు మొరాకో దళాలు ముందు వరసలో ఉండకూడదని అడిగాడు. ఊళ్ళల్లో ఆడవాళ్ళ గతేమిటోనన్న భయం అది. మొత్తం మృతులు 1,500 దాకా ఉంటారని సాధారణంగా చెప్పే లెక్క, ఇంకా ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. ఆ తర్వాత జైళ్ళలో చిత్రహింసలు. దేశం మొత్తంమీద వేలకు వేలమంది ఖైదీలు.

ఓడిపోయిన ఈ తిరుగుబాటు వెనక ఏం మిగిల్చింది? మొదట, ఖైదీలను మిగిల్చింది. వారిలో అన్ని పక్షాలవారూ ఉన్నారు. 1936 ఫిబ్రవరి ఎన్నికల్లో వారి విడుదలే అందరికీ ఉమ్మడి కోరిక. ఓటు వేయవద్దని 1933లో ఊరూరా చెప్పిన అనార్కిస్టులు ఈసారి ఆ గట్టిదనం చూపలేదు. లోపల ఉన్నది వాళ్ళ మనుషులు కూడా కదా. ప్రజాకూటమి గెలిచింది, జైలు తలుపులు తెరుచుకున్నాయి.

జూలైలో అంతర్యుద్ధం మొదలైంది. యు.హెచ్.పి. అక్షరాలు మళ్ళీ రైళ్ళ మీదా లారీల మీదా వెలిశాయి, ఈసారి దేశమంతటా. కానీ అక్షరాలు ప్రయాణం చేసినంత సులువుగా షరతులు ప్రయాణం చేయలేదు. 1937 మే నెలలో బార్సిలోనా వీధుల్లో అనార్కిస్టులు, పి.ఓ.యు.ఎం. అనే మార్క్సిస్టు పార్టీవారు ఒకవైపు, కమ్యూనిస్టులు, ప్రభుత్వ పోలీసులు మరోవైపు నిలిచి కొన్ని రోజులు కాల్చుకున్నారు. వందల మంది పోయారు. మరుసటి నెలలో పి.ఓ.యు.ఎం. నాయకుడు ఆంద్రేవు నిన్‌ను ఎత్తుకుపోయి చంపారు. మార్చి ఒప్పందానికి ముందే, 1933 డిసెంబరులో, బార్సిలోనాలో తొలి కార్మిక కూటమికి పాటుపడిన వర్గానికి చెందినవాడతను. ఇంగ్లీషు రచయిత జార్జి ఆర్వెల్ అప్పుడక్కడే ఉండి చూసి పుస్తకం వ్రాశాడు.

అస్తూరియాస్‌లో మాత్రం అలాంటి వీధియుద్ధం జరగలేదు. అక్కడా 1936లో మొదట రెండు కమిటీలు పుట్టాయి, గిహోన్‌లో అనార్కిస్టులది, సామాలో సోషలిస్టులది. కొట్టుకోకుండా ఆ ఏడాది చివరికి రెండూ కలిసి బెలార్మినో తొమాస్ అధ్యక్షతన ఒకే పరిషత్తు అయ్యాయి. 1937 అక్టోబరు 21న గిహోన్ ఫ్రాంకో వశమయ్యేదాకా అది నడిచింది. ఒకే నినాదం, రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేసింది. తేడా ఎక్కడుందంటే, నాకు తోచినది ఒక్కటే. అస్తూరియాస్‌లో వాళ్ళకు ఒకరినొకరు గనిలో తెలుసు, సంతకాలు పెట్టినవాళ్ళు ఎదురుగా కనిపిస్తుంటారు. బార్సిలోనాలో నినాదం వచ్చింది గాని దాని వెనక ఆ పరిచయం లేదు.

పాతికేళ్ళు గడిచాయి. ఫ్రాంకో పాలనలో సమ్మె నేరం. 1962 ఏప్రిల్‌లో మియెరెస్ దగ్గర నికొలాసా గనిలో ఏడుగురు కార్మికులను శిక్షించారని మిగతావారు పని ఆపేశారు. గని నుంచి గనికి సమ్మె పాకింది. మే 4న అస్తూరియాస్‌లోనూ బాస్కు ప్రాంతంలో రెండు జిల్లాల్లోనూ అత్యవసర స్థితి ప్రకటించారు. చివరికి బొగ్గు ధర పెంచి, జీతాలు పెంచక తప్పలేదు. ఆ సమ్మెలో కమ్యూనిస్టులున్నారు, సోషలిస్టులున్నారు, చర్చికి వెళ్ళే కాథలిక్ కార్మికులూ ఉన్నారు. 1934లో మతగురువులను చంపిన లోయల్లోనే జరిగిందిది. తురోన్ ఉపాధ్యాయులు చనిపోయి అప్పటికి 28 ఏళ్ళు. ఆ సమ్మెలో పనిచేసిన కాథలిక్కుల్లో ఆ పేర్లు తెలియని వాడు ఉండి ఉంటాడని నేననుకోను. తెలిసీ పక్కన నిలబడ్డారు.