సగంలో ఆగిపోయే ఫ్లెక్సీ మిషన్: ఎందుకు? ఎలా?

ప్రశ్న: మాది గార్ల. పదడుగుల ఫ్లెక్సీ మిషన్ నడుపుతున్నాం. పెద్ద సైజు పెడితే సగం ప్రింటై ఆగిపోతోంది. మళ్లీ మొదటి నుంచి కొడితే రోలు, ఇంకు రెండూ దండగ. కారణం ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఎక్కడ ఆగిందో చూడండి. చాలామంది ఎర్రర్ కనబడగానే మిషన్ ఆపేసి, మళ్లీ ఆన్ చేసి, అదే ఫైలు పంపిస్తారు. దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది. ముందు స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి. ఫ్లెక్సీ మొదటి అంచు నుంచి ఎన్ని అడుగులకు ఆగింది, క్యారేజ్ అప్పుడు ఎడమ వైపుందా, మధ్యలోనా, కుడి చివరనా అన్నది రాసుకోండి. వెంటనే హీటర్లు ఆపి, క్యారేజ్‌ను హోమ్‌కు చేర్చండి. సాల్వెంట్ ఇంకు గాలికి తొందరగా ఆరుతుంది, హెడ్‌ను నడిమధ్యన వదిలేస్తే నాజిల్స్ మూసుకుపోతాయి. వేడి మీద కదలకుండా ఉన్న ఫ్లెక్సీ ఉబ్బి పైకి లేస్తుంది. అది హెడ్‌కు గీసుకుంటే నష్టం రోలుతో పోదు.

ఒకే ఫైలు ప్రతిసారీ అదే అడుగు దగ్గర ఆగుతుంటే అనుమానం కంప్యూటర్ మీద. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఫ్లెక్సీని 360×720 డీపీఐలో రిప్ చేస్తే ఒక్కో రంగుకు దాదాపు 746 కోట్ల చుక్కలు. చుక్కకు ఒక్క బిట్ చొప్పున లెక్కేసినా నాలుగు రంగులకు 3.7 జీబీ. చుక్కకు రెండు బిట్లయితే దానికి రెట్టింపు. సీ డ్రైవ్ నిండుగా ఉంటే ఇంత ఫైలు పూర్తిగా తయారు కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ అయితే 4 జీబీ దాటిన ఫైలును అసలు పట్టదు. డ్రైవ్ ఖాళీ చేసి, మళ్లీ రిప్ చేసి చూడండి. ఆగిన చోట ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉంటే మాత్రం ఇంకు వైపు కూడా ఓ కన్నేయండి. ఫిల్టర్ మూసుకుపోయి సబ్ ట్యాంకు నిండకపోతే, పంపు ఎక్కువసేపు తిరిగిందని చాలా మిషన్లు పని ఆపేస్తాయి.

అడుగులు మారుతున్నా క్యారేజ్ మాత్రం అడ్డంగా ఒకే చోట ఆగుతోందా? అయితే ఎన్‌కోడర్ స్ట్రిప్ చూడాలి. క్యారేజ్ తాను ఎక్కడున్నదీ ఆ పారదర్శక పట్టీ మీది సన్నటి గీతలు లెక్కపెట్టుకునే తెలుసుకుంటుంది. ఇంకు తుంపర, దానిమీద దుమ్ము పేరుకుంటే లెక్క తప్పుతుంది. కరెంటు తీసేసి, నీళ్లతో కొంచెం తడిపి గట్టిగా పిండిన మెత్తటి బట్టతో ఒకే దిక్కుగా తుడవండి. హెడ్ కడిగే సాల్వెంట్ మాత్రం దాని దగ్గరికి రానివ్వొద్దు, గీతలే చెరిగిపోవచ్చు.

ఇక ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ ఆగుతుంటే నా లెక్కలో మొదటి అనుమానం ఎర్తింగే. బోర్డు మార్చమని ఎవరైనా చెప్పినా ముందు ఇది చూడాలి. ఫ్లెక్సీ బెడ్ మీద రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ పుడుతుంది, గాలి పొడిగా ఉండే ఎండాకాలంలో మరీ ఎక్కువ. అది భూమిలోకి దిగే దారి లేకపోతే బోర్డు మీదకో, యూఎస్‌బీ కేబుల్ మీదకో దూకుతుంది. కనెక్షన్ ఒక్క క్షణం తెగితే చాలు, పని ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూపించుకోండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంత చూడాల్సిందే. వేసవిలో గుంత ఎండిపోతుంది కాబట్టి నీళ్లు పోస్తుండాలి. మిషన్, కంప్యూటర్ రెండూ ఒకే ఎర్త్ మీద, ఒకే యూపీఎస్ లైను మీద ఉండాలి. యూఎస్‌బీ కేబుల్ ఐదు మీటర్లు దాటొద్దు. పదడుగుల మిషన్ చుట్టూ తిప్పి కేబుల్ వేసినచోట ఈ తప్పు తెలియకుండానే జరిగిపోతుంది. కంప్యూటర్‌లో స్లీప్ ఆఫ్ చేయండి.

ఇంజినీరు హైదరాబాదు నుంచి రైలెక్కి డోర్నకల్‌లో దిగి రావాలంటే మీకు ఒకరోజు పని పోయినట్టే. రాసుకున్న అడుగులు, క్యారేజ్ ఉన్న చోటు, ఫొటో ముందే పంపితే చాలా సమస్యలు ఫోన్‌లోనే తేలతాయి.

ఆగిన ఫ్లెక్సీ సంగతి: ఆగిన గీత ఖాళీ బ్యాక్‌గ్రౌండ్‌లో పడితే మిగతా భాగాన్ని రిప్‌లో కత్తిరించి, ఒక అంగుళం అదనంగా ఉంచి కొట్టండి. ఆ అంగుళం మీద అతుకు వేయొచ్చు. గీత మనిషి ముఖం మీద పడితే మాత్రం మొత్తం మళ్లీ కొట్టండి. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో పిల్ల ముఖం మీద అతుకుంటే ఆ ఇంటివాళ్లకు ఎంత తగ్గించి ఇచ్చినా సరిపోదు.