అంబాసిడర్ కారు గేరు మార్పిడి భాగాల మరమ్మత్తు

పాతకాలపు అంబాసిడర్ కార్లలో గేరు మీట నేలపై కాక, స్టీరింగు స్తంభానికి ఎడమ ప్రక్కన ఉంటుంది. చేతి కదలికను ఈ మీట నుండి గేరుపెట్టె వరకు చేరవేసే కడ్డీలు, పిన్నులు, బుష్‌లు, ఫోర్కులను కలిపి గేరు మార్పిడి యంత్రాంగం అంటారు. దీర్ఘకాల వాడకంలో ఈ భాగాలు అరిగిపోతాయి. అరిగిన భాగాలను గుర్తించి, సరిచేసే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

అంబాసిడర్ కారును హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో తయారుచేసింది. దీనికి మూలం ఇంగ్లాండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. 1950ల చివరలో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. 2017లో ఈ పేరుపై హక్కులను ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. ప్రభుత్వ కార్యాలయాలలోను, టాక్సీలుగాను ఈ కారు తెలుగు ప్రాంతాలలో దశాబ్దాల పాటు విస్తృతంగా వాడబడినది.

ఉత్పత్తి ఆగిపోయినందున కొత్త విడిభాగాలు దొరకడం కష్టమైనది. అందుచేత ఉన్న భాగాన్ని బాగుచేసుకోవడమే తరచు మిగిలే మార్గం. వరంగల్ - ఖమ్మం రహదారిపై ఉన్న వర్ధన్నపేట వంటి వ్యవసాయ ప్రాంతపు పట్టణాలలో ట్రాక్టర్లు, పంపుసెట్ల కోసం వాడే లేత్ యంత్రం, వెల్డింగు పరికరాలే ఈ పనికీ చాలావరకు సరిపోతాయి.

నిర్మాణం, పనిచేసే విధానం

పాత నమూనాల గేరుపెట్టెలో ముందుకు నాలుగు, వెనుకకు ఒక గేరు ఉంటాయి. మొదటి గేరుకు సింక్రోమెష్ ఏర్పాటు లేదు. అందువలన బండి పూర్తిగా ఆగిన తరువాతనే మొదటి గేరు వేయడం మంచిది.

మీటకు రెండు రకాల కదలికలు ఉన్నాయి. మీటను స్టీరింగు చక్రం వైపుకు లాగినా, దూరంగా నెట్టినా ఏ గేర్ల జత కావాలో ఎంపిక జరుగుతుంది. పైకి లేదా క్రిందికి త్రిప్పినప్పుడు ఆ జతలో ఒక గేరు పడుతుంది. పెట్టె లోపల గేర్లను జరిపేది ఫోర్కు. ఫోర్కు ఒక ఉక్కు కడ్డీపై బిగించబడి ఉంటుంది. కడ్డీపై ఉన్న గాడిలో స్ప్రింగు ఒత్తిడితో ఒక గుండు కూర్చొని గేరును స్థానంలో నిలుపుతుంది. ఒకేసారి రెండు గేర్లు పడకుండా ఆపే అడ్డుపిన్ను మరొక ముఖ్యమైన భాగం.

అరుగుదల ప్రభావం

కీలు వద్ద కలిగే కొద్దిపాటి అరుగుదల చేతి దగ్గర పెద్దదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు మీట పొడవు 250 మిల్లీమీటర్లు, క్రింది చేయి పొడవు 50 మిల్లీమీటర్లు అనుకొందాం. నాలుగు కీళ్ళలో ఒక్కొక్కచోట అర మిల్లీమీటరు వదులు ఉంటే క్రింద మొత్తం 2 మిల్లీమీటర్లు, చేతి దగ్గర దానికి ఐదు రెట్లు, అనగా 10 మిల్లీమీటర్లు వృథా అవుతుంది. చోదకుడు మీటను చివరి వరకు లాగినా ఫోర్కు పూర్తిగా జరగదు. పళ్ళు సగమే కలుసుకొంటాయి. బరువు పడినప్పుడు గేరు జారిపోతుంది. అలా జారిన ప్రతిసారీ పళ్ళ అంచులు గుండ్రబడి, చిన్న లోపం పెద్ద ఖర్చుగా మారుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరు జారితే ఇంజను నిరోధం పోయి, భారమంతా బ్రేకులపై పడుతుంది. ఇది ప్రమాదకరం.

లోపాన్ని గుర్తించడం

గేరుపెట్టెను విప్పకముందే లోపం ఎక్కడ ఉన్నదో తేల్చుకోవాలి.

మొదట క్లచ్‌ను పరీక్షించాలి. క్లచ్ పూర్తిగా విడవకపోతే కడ్డీలు బాగున్నా గేరు గరగరమంటుంది. తరువాత ఇంజను, గేరుపెట్టెల క్రింది రబ్బరు దిమ్మలను చూడాలి. ఇవి కుంగినా గేరు జారవచ్చు. ఆ పిమ్మట బయటి కడ్డీలను విడదీసి, పెట్టెపై ఉన్న మీటలను చేతితో కదపాలి. ప్రతి గేరు స్పష్టంగా పడి నిలిస్తే లోపం బయటి కీళ్ళలోనే ఉన్నట్లు. మెత్తగా జారుతూ, గుండు గాడిలో పడిన స్పర్శ తెలియకపోతే లోపం లోపల ఉన్నట్లు.

బయటి భాగాల మరమ్మత్తు

అరిగిన రంధ్రం గుండ్రదనం కోల్పోయి కోలగా మారుతుంది. పిన్నును మాత్రమే మారిస్తే ప్రయోజనం ఉండదు. రంధ్రాన్ని పెద్దదిగా, గుండ్రంగా చేసి అందులో ఇత్తడి లేదా కంచు బుష్ బిగించాలి. ఉదాహరణకు 8 మిల్లీమీటర్ల పిన్ను ఉన్నచోట రంధ్రాన్ని 12 మిల్లీమీటర్లకు పెంచి, లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు ఉన్న బుష్ అమర్చవచ్చు. చుట్టూ లోహం తగినంత లేనిచోట రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, తిరిగి తొలవాలి.

అన్నీ బిగించిన తరువాత గేరుపెట్టెను, మీటను న్యూట్రల్ స్థితిలో ఉంచి, కడ్డీల పొడవును మరల ద్వారా సరిచేయాలి.

లోపలి భాగాల మరమ్మత్తు

ఫోర్కు కొనలు అరిగితే వాటిపై కంచును కరిగించి పోసి, గాడికి సరిపోయేలా రాచవచ్చు. అంతకుముందు ఫోర్కు ఏ లోహంతో చేయబడినదో తెలుసుకోవాలి. పోత ఇనుమును మామూలు ఉక్కులా వెల్డింగు చేస్తే పగులుతుంది. కొనలు మరీ బిగుతుగా ఉంటే నిరంతర రాపిడితో వేడెక్కి త్వరగా చెడిపోతాయి.

కడ్డీ గాడి అరిగితే వెల్డింగు చేయరాదు. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. కొత్త కడ్డీని లేత్‌పై తయారుచేసి, ఉపరితలాన్ని గట్టిపరచి వాడాలి. బలహీనపడిన స్ప్రింగులను, అరిగిన సింక్రోమెష్ రింగులను మార్చడమే మార్గం.

తిరిగి బిగించేటప్పుడు అడ్డుపిన్నును మరచిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అది లేకుంటే రెండు గేర్లు ఒకేసారి పడి, వెనుక చక్రాలు హఠాత్తుగా బిగుసుకుపోవచ్చు. మూత వేయకముందే ఒక గేరు వేసి, రెండవ కడ్డీని కదపడానికి ప్రయత్నించి చూడాలి. అది కదలకూడదు.

జాగ్రత్తలు

బండి క్రింద పనిచేసేటప్పుడు జాకీపై మాత్రమే ఆధారపడక, గట్టి స్టాండ్లు పెట్టాలి. నూనె విషయంలో తయారీదారు పుస్తకంలో చెప్పిన రకాన్నే వాడాలి. కొన్ని ఆధునిక గేరు నూనెలలోని గంధక సమ్మేళనాలు ఇత్తడి రింగులను తినివేస్తాయి.

వింటేజ్ వాహనాల నమోదు

2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో చేసిన సవరణ ప్రకారం, మొదటి నమోదు నుండి 50 ఏళ్ళు దాటి, మూల రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండరాదు. ఇలా నమోదైన వాహనాన్ని నిత్య ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. స్తంభపు మీటను తీసివేసి నేల మీటను అమర్చడం కొందరు ఎంచుకొనే సులువైన మార్గం. కాని పాత కారును మూల రూపంలో నిలపదలచినవారికి అరిగిన కీళ్ళను బాగుచేసుకోవడమే తగినది.