తాత బక్కీకి ఐదో గేరు

మా తాత 1981లో కొన్న ఫోర్డ్ కార్టినా బక్కీ ఇంకా మా గరాజులోనే ఉంది. తోటలో కోసిన వంకాయలు, మిరపకాయలు, కొత్తిమీర అందులో వేసుకుని, తెల్లవారకముందే డర్బన్‌లోని ఎర్లీ మార్నింగ్ మార్కెట్‌కు వెళ్ళేవాడు. తాత పోయాక బండి బయటికి రావడం తగ్గింది. దానికి నాలుగు గేర్లే. ఎన్-2 రోడ్డు మీద స్టేంగర్ వైపు వెళ్తుంటే ఇంజను అరుపుకి పక్కనున్న మనిషి మాట వినపడదు. అమ్మ అందులో ఎక్కడమే మానేసింది. పోయిన ఏడాది నాన్న, "ఇంక అమ్మేద్దాం రా" అన్నాడు.

"వద్దు నాన్నా, ఐదు గేర్ల పెట్టె వేద్దాం" అన్నాను నేను.

బాబాయికి కోపం వచ్చింది. "మీ నాన్న అమ్ముతానంటాడు, నువ్వు కోస్తానంటావు. తాత బండిని తాత బండిలా ఉండనివ్వరా?"

బాబాయి మాటలో న్యాయం ఉంది. ఈ బక్కీ మన దేశపు బండి. ఫోర్డ్ కంపెనీ కార్టినాను బక్కీగా మార్చి తయారుచేసింది దక్షిణాఫ్రికాలోనే. 1982 నుంచి పీ-100 అనే పేరుతో ఇక్కడినుంచి బ్రిటన్‌కు కూడా పంపారు. అలాంటి బండిలో ఏ మార్పు చేసినా ఆలోచించి చేయాలి. అందుకే ముందు ఒక మాట అనుకున్నాం: బండి ఒంటిని కోయకూడదు, తీసిన ప్రతి భాగాన్నీ దాచిపెట్టాలి.

మేము ఎంచుకున్నది 1980లలో సియెర్రా కార్లలో వచ్చిన టైప్-9 అనే గేర్‌బాక్సు. పాత కార్ల యార్డులో దొరికింది. మా బక్కీలో ఉన్నది 2 లీటర్ల పింటో ఇంజను. దాని పాత గేర్ల లెక్క ఇది: 3.65, 1.97, 1.37, 1.00. మొదటి గేరులో ఇంజను 3.65 చుట్లు తిరిగితే, వెనక చక్రాలకు బలం తీసుకెళ్ళే ప్రాప్ షాఫ్ట్ 1 చుట్టు తిరుగుతుందని అర్థం. కొత్త పెట్టెలోనూ మొదటి నాలుగు గేర్ల లెక్క అదే. చివర 0.82 అని ఇంకొకటి చేరింది, అంతే. పాత నాలుగు గేర్ల పెట్టెకే తోక పొడిగించి, ఆ తోకలో ఐదో గేరును అమర్చారు. నాలుగో గేరులో ఇంజను నిమిషానికి 3,500 చుట్లు తిరిగే వేగంలో, ఐదోలో 2,870 చుట్లు తిరిగితే చాలు.

ఈ సంగతి చెప్పాక బాబాయి కొంచెం మెత్తబడ్డాడు. "అయితే తాత గేర్లు నాలుగూ ఉన్నట్టే కదా" అన్నాడు.

పని మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ తీగ విప్పాం. బండిని జాక్‌తో ఎత్తి, నాలుగు వైపులా స్టాండ్లు పెట్టాం. ఒక్క జాక్‌ను నమ్మి ఎవరూ బండి కిందికి వెళ్ళకండి.

నాన్న ఇంట్లో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతాడు. కానీ బండి పని తాత దగ్గర నేర్చుకున్నాడు. అందుకని బండి కిందికి దూరగానే ఆయనకు తెలుగు వస్తుంది. "పట్టుకో. కొంచెం ఎత్తు. ఇంకాస్త. ఆగు. బిగించు." తెలుగు తరగతిలో నాకు 'వదులు', 'వదలకు' అనే మాటలు కలిసిపోయేవి. గేర్‌బాక్సు బరువు నా రొమ్ము మీద ఉన్నప్పుడు నాన్న "వదలకు!" అని అరిచాడు. ఇక ఈ జన్మలో ఆ రెండు మాటలూ కలిసిపోవు.

కొత్త పెట్టెను దాని ముందుండే గంట ఆకారపు డొప్పతో సహా కొన్నాం కాబట్టి ఇంజనుకు సరిగా అతికింది. క్లచ్ ప్లేటు పళ్ళు కొత్త షాఫ్ట్‌కు సరిపోతాయో లేదో ముందే చూసుకున్నాం. పెట్టె పొడవు ఎక్కువ కాబట్టి, దాన్ని మోసే అడ్డపట్టీని వెనక్కి జరపాలి. బండి ఒంటికి రంధ్రాలు పెట్టకుండా, పాత రంధ్రాలకే బిగిసేలా కొత్త పట్టీ ఒకటి చేయించాం. మా పెట్టెకు కింద నూనె తీసే బిరడా లేదు. పక్కనున్న రంధ్రంలోంచే నింపాలి. ఐదో గేరు తోకలో ఉంటుంది కాబట్టి నూనె తగ్గితే ముందు దెబ్బతినేది అదే.

ప్రాప్ షాఫ్ట్‌ను కూడా పొట్టిగా చేయించాలి. తాత షాఫ్ట్‌ను ముట్టుకోకుండా, యార్డులో ఇంకొకటి కొని కోయించాం. తప్పు చేసింది అక్కడే. బండి స్టాండ్ల మీద ఉండగా, వెనక చక్రాలు గాలిలో వేలాడుతుండగా కొలత తీశాం. బండి నేలమీదికి దిగాక, గుంత వచ్చిన ప్రతిసారీ కింద "ఠక్" మని చప్పుడు. షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్సు లోపలికంటా వెళ్ళి గుద్దుకుంటోంది. చక్రాలు నేల మీద నిలిచి బరువు మోస్తున్నప్పుడు ఇరుసు ఉండే చోటు వేరు, వేలాడుతున్నప్పుడు ఉండే చోటు వేరు. మళ్ళీ కొలిచి, ముందుకూ వెనక్కూ ఆడేందుకు చోటు వదిలి, మళ్ళీ కోయించి, తిప్పి చూసి తూకం సరిచేయించాం. ఒకే పనికి రెండుసార్లు డబ్బులు పోయాయి. మీరు మాత్రం చక్రాల మీద బరువు ఉంచే కొలవండి.

ఐదో గేరు బలం ఇవ్వదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ దారిలో కీ రిడ్జ్ ఎక్కాలంటే మళ్ళీ నాలుగుకో, మూడుకో దిగాల్సిందే. చదునైన రోడ్డు మీద మాత్రం హాయి.

మొన్న ఉగాదికి స్టేంగర్‌లో చుట్టాలింటికి బక్కీలోనే వెళ్ళాం. అమ్మ మధ్యలో కూర్చుని దారి పొడవునా కబుర్లు చెప్పింది. అన్నీ వినపడ్డాయి. తాత గేర్‌బాక్సు, తాత షాఫ్ట్ నూనె రాసి, గుడ్డ చుట్టి, గరాజులో పెట్టాం. కావాలంటే ఒక్క వారాంతంలో మళ్ళీ బిగించవచ్చు.

నిన్న బాబాయి ఫోన్ చేశాడు. "ఆదివారం మార్కెట్‌కు వెళ్ళాలి. బక్కీ తాళం ఇస్తావా?"