పెట్రోలునందు నూనె: కొలిచి కలుపవలసిన పాళ్ళు
(టూ స్ట్రోక్ ఇంజను పనిముట్లు వాడు రైతు సోదరులకు)

మన ముప్కాల్ ప్రాంతపు రైతు కొలత యెఱుగనివాడు కాడు. ఎకరమునకు పసుపు విత్తనపు కొమ్ములెన్ని క్వింటాళ్ళు పట్టునో అతడు నోటిలెక్కగా జెప్పగలడు. నిజామాబాదు మార్కెట్ యార్డులో కాంటామీద సంచి నిలిపినపుడు అరకిలో తేడా వచ్చినను ఊరకుండడు. అట్టి రైతే తన మందుకొట్టు పంపు ఇంజనులో పోయుటకై పెట్రోలునందు నూనె కలుపునపుడు మాత్రము ఒకనాడు సీసామూతతోను, ఒకనాడు వట్టి కంటిచూపుతోను పోసి, ‘ఇంత చాలు’నని సరిపుచ్చుకొనుచున్నాడు. లీటరునకు ఇరువది, నలువది మిల్లీలీటర్ల పని యిది. దీనియందలి అశ్రద్ధ వేలకొలది రూపాయల ఇంజనును, ఒక్కొక్కప్పుడు పైరును గూడ చెఱచుచున్నది. కావున ఈ నెల మన పత్రికయందు ఈ విషయమును గూర్చి విపులముగా వ్రాయ నుద్దేశించితిమి.

మేమెఱిగిన యొక సంగతి

ఒక వానకాలమున అయిదుగురు రైతులు ఉమ్మడిగా కొన్న పంపొకటి యుండెను. పసుపు చేలలో ఆకుమచ్చ తెగులు కానవచ్చెను. రెండుదినములు వాన తెరపి యిచ్చినందున మందు కొట్టుటకు అదియే అదనుగా నుండెను. కొట్టపు మూల ఒకే తీరు నీళ్ళసీసాలు రెండుండెను. ఒకదానిలో నూనె కలిపిన పెట్రోలు, రెండవదానిలో అంతకుముందే బంకునుండి తెచ్చిన వట్టి పెట్రోలు. కూలికి వచ్చినవాడు చేతికందిన సీసా పోసి పంపును వీపున వేసుకొని పోయెను. కొంతసేపటికి ఇంజను కీచుమని యరచి నిలిచిపోయెను. త్రాడు లాగినను కదలలేదు. విప్పి చూడగా పిస్టను సిలిండరునకు కఱచుకొనియుండెను.

మరమ్మతు సామాను వచ్చులోపల వాన మరల పట్టెను. మందు కొట్టవలసిన అదను దాటిపోయెను. అంతకన్న చెడ్డది మఱియొకటి జరిగెను. పెట్రోలు తెచ్చినవానిదా తప్పు, పోసినవానిదా, సీసామీద గుర్తు పెట్టనివానిదా యని అయిదుగురి నడుమ తగవు పుట్టెను. మరమ్మతు ఖర్చు ఎవరి వంతునకును రాక, ఆ పంపు ఆ యేడంతయు మూలబడియుండెను. ఇంజను చెడుట ఒక నష్టము. పొత్తు చెడుట అంతకు మించిన నష్టము.

నూనె యెందులకు?

మోటారుసైకిలు మొదలగువాని ఫోర్ స్ట్రోక్ ఇంజనులలో నూనెకు వేఱుగా అడుగున తావుండును. పెట్రోలు వేఱు, నూనె వేఱు. టూ స్ట్రోక్ ఇంజనునం దట్లు కాదు. పిస్టను పైకి పోవునపుడు గాలియు పెట్రోలును కలిసి క్రిందనున్న క్రాంకు పెట్టెలోనికి వచ్చును. పిస్టను దిగునపుడు అది పైకి నెట్టబడి సిలిండరులో మండును. ఇంగ్లండునందలి జోసెఫ్ డే యను నతడు 1891 ప్రాంతమున పేటెంటు పొందిన పద్ధతి యిదియే. పెట్రోలు క్రాంకు పెట్టెగుండా పోవును గనుక అచ్చట నూనె నిలువ యుంచుటకు వీలులేదు. బేరింగులకును, పిస్టనునకును కావలసిన జిడ్డు పెట్రోలుతో కలిసియే రావలెను. నిమిషమునకు ఆరేడువేల చుట్లు తిరుగు ఇంజనునకు ఆ జిడ్డు కొలది నిమిషములు అందకున్నను లోహము లోహమును గీరును.

ఈ పద్ధతి మన పెద్దలకు క్రొత్త కాదు. లూనా, రాజ్‌దూత్, పాత బజాజ్ స్కూటరు నడచిన దినములలో బంకువాడు పెట్రోలుతోపాటు ‘టూటీ’ నూనె కొలిచి పోయుట వారెఱుగుదురు. ఆ బండ్లు పోయినవి. కొలుచు నలవాటును వానితో పోయినది. ఆ ఇంజను మాత్రము పంపు, గడ్డికోత యంత్రము, చెట్లు కోయు రంపము రూపమున మరల మన కొట్టములోనికి వచ్చియున్నది.

మొదట ఏ ఇంజనో తెలిసికొనుడు

మనవారు ‘తైవాన్ పంపు’ అని పిలుచు స్ప్రేయరులలోను, బ్రష్ కట్టరులలోను టూ స్ట్రోక్ ఇంజనులు కలవు, ఫోర్ స్ట్రోక్ ఇంజనులును కలవు. పైకి రెండు నొక్కతీరుననే యుండవచ్చును. అడుగున నూనె పోయుటకు వేఱు మూతయు, నూనె చూచు పుల్లయు నున్నయెడల అది ఫోర్ స్ట్రోక్. దాని పెట్రోలులో నూనె కలుపరాదు. అట్టి మూత లేక, పెట్రోలు మూతమీద పెట్రోలు బొట్టుతోపాటు నూనె గుర్తును, ‘50:1’ వంటి అంకెయు నున్నయెడల అది టూ స్ట్రోక్. సందేహమున్నయెడల యంత్రముతో వచ్చిన పుస్తకమును చూపి తెలిసికొన్న పిదపనే పెట్రోలు పోయవలెను.

లెక్క

50:1 అనగా ఏబదిపాళ్ళ పెట్రోలునకు ఒకపాలు నూనె. ఒక లీటరు వేయి మిల్లీలీటర్లు గనుక, వేయిని మొదటి అంకెచేత భాగించినచో లీటరునకు కావలసిన నూనె వచ్చును.

50:1 — లీటరునకు 20 మి.లీ.; అయిదు లీటర్లకు 100 మి.లీ.
40:1 — లీటరునకు 25 మి.లీ.; అయిదు లీటర్లకు 125 మి.లీ.
30:1 — లీటరునకు 33 మి.లీ.; అయిదు లీటర్లకు 167 మి.లీ.
25:1 — లీటరునకు 40 మి.లీ.; అయిదు లీటర్లకు 200 మి.లీ.

వీనిలో నేది తన యంత్రమునకు తగునో తయారుచేసినవారి పుస్తకమే చెప్పవలెను. పొరుగువాని పంపు లెక్క మన పంపునకు పనికిరాకపోవచ్చును. క్రొత్త యంత్రమునకు మొదటి కొన్ని గంటలు నూనె పాలు హెచ్చుగా నుండవలెనని కొందఱు తయారీదారులు వ్రాయుదురు. అట్లు వ్రాసియున్నచో అట్లే చేయవలెను.

‘నూనె కొంచెము ఎక్కువైన మంచిదే కదా’ యని పలువు రనుకొనుచున్నారు. ఇది పొరపాటు. నూనె హెచ్చినచో పొగ క్రమ్మును, ప్లగ్గు మసిబారును, సైలెన్సరు దారి బొగ్గుతో పూడుకొనును, ఇంజను బలము తగ్గును. అంతేకాక కార్బురేటరులోని సన్నని కంతగుండా నూనె యెక్కువగా పోయినకొలది పెట్రోలు తక్కువగా పోవును. గాలికి తగిన పెట్రోలు అందక ఇంజను మఱింత వేడెక్కును. తక్కువైనను చేటు, ఎక్కువైనను చేటు. సరియైన కొలతయే మేలు.

కలుపు విధము

1. మందులదుకాణములో దొరకు 20 మి.లీ. సిరంజి చవకయైన మంచి కొలపాత్ర. 50:1 ఇంజనునకు లీటరునకు ఒక సిరంజి, 25:1 ఇంజనునకు రెండు సిరంజులు. గీతలు చెఱగినంతనే క్రొత్తది కొనవలెను. దానిని మఱియే పనికిని వాడరాదు.

2. పురుగుమందు మూతతో నూనె కొలువరాదు. నూనె మూతతో మందును కొలువరాదు.

3. పెట్రోలును సీసాపై గీతనుబట్టి కాక, నిజముగా లీటరు కొలిచి పోయవలెను. నూనె సరిగా కొలిచి పెట్రోలును ఉజ్జాయింపుగా పోసినచో లెక్క తప్పినట్లే.

4. ఇంజను టాంకులోనే కలుపరాదు. పెట్రోలునకై చేసిన డబ్బాలో మొదట సగము పెట్రోలు, తరువాత నూనె మొత్తము పోసి మూతపెట్టి బాగుగా ఊపవలెను. పిదప మిగిలిన పెట్రోలు పోసి మరల ఊపవలెను. టాంకులో పోయు ప్రతిసారియు డబ్బాను ఒకమారు ఊపి, వడకట్టు గరాటుతో పోయవలెను.

5. డబ్బామీద రంగుతో ‘నూనె కలిపినది, 50:1’ అని పెద్ద అక్షరములతో వ్రాసి, కలిపిన తేదీని వేయవలెను. నీళ్ళసీసాలో పెట్రోలు నిలువ యుంచుట ఎన్నటికిని కూడదు. దప్పికగొన్న పసివాడు దానిని నోట పెట్టుకొనిన ప్రాణాపాయము.

కలిపినదో లేదో తెలియనిచో తెల్లని కాగితముమీద ఒక చుక్క వేసి యాఱనిండు. వట్టి పెట్రోలు ఎగిరిపోవును; నూనె యున్నచో జిడ్డుమచ్చ నిలుచును. ఈ పరీక్ష నూనె యున్నదని చెప్పునే కాని ఎంత యున్నదో చెప్పజాలదు. కావున పాలు తెలియని పెట్రోలును పోయకుండుటయే క్షేమము.

ఏ నూనె?

గాలిచే చల్లబడు టూ స్ట్రోక్ ఇంజనులకని సీసామీద వ్రాసిన నూనెనే కొనవలెను. దానిపై జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ యను తరగతి గుర్తులుండును. ట్రాక్టరు ఇంజను నూనె, గేరు నూనె, ఒకమారు వాడి తీసిన నల్లనూనె దీనికి తగవు. పడవ ఇంజనుల నూనె నీటిచే చల్లబడు వానికై చేసినది, అదియు తగదు.

విడినూనెను, ఉజ్జాయింపు కొలతను గూర్చిన చింత మనకు మాత్రమే కలిగినది కాదు. 1998 జూలై 28న సుప్రీంకోర్టు ఢిల్లీ గాలి చెడుటను గూర్చిన వ్యాజ్యమునందు, బంకులలోను మరమ్మతు దుకాణములలోను విడి టూటీ నూనె అమ్మరాదనియు, టూ స్ట్రోక్ బండ్లకు యంత్రముచే సరిపాళ్ళలో కలిపిన పెట్రోలునే పోయవలెననియు ఆ యేటి డిసెంబరు 31ని గడువుగా నాజ్ఞాపించెను. కొలత తప్పిన నూనె ఇంజనునే కాక గాలిని, దానిని పీల్చువారిని గూడ బాధించునని దీనినుండి గ్రహింపవలెను. పంపు వీపున మోయువాని ముఖమునకే ఆ పొగ మొదట తగులును.

నిలువ పెట్రోలు

2025లో మన దేశమందు పెట్రోలునందలి ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. చిన్న ఇంజనుల పుస్తకములు పెక్కింటిలో 10 శాతమునకు మించరాదని వ్రాసియుండును. కావున తన యంత్రము 20 శాతమునకు తగునో లేదో అమ్మినవానిని అడిగి తెలిసికొనవలెను. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. వానకాలమున చిరకాలము నిలువయున్న పెట్రోలులో నీరు చేరి అడుగున వేఱుపడవచ్చును. పాత రబ్బరు గొట్టములు మెత్తబడవచ్చును. కావున వారము, పదిదినములకు సరిపోవునంతయే కలుపుకొనుట మంచిది. నెల దాటిన దానిని వాడరాదు. పని ముగిసి యంత్రమును మూల పెట్టునపుడు టాంకు ఖాళీచేసి, ఇంజను తనంత ఆగువఱకు నడిపి, కార్బురేటరులో పెట్రోలు మిగులకుండ చేయవలెను. ఇట్లు చేసిన యంత్రము మఱుసటి వానకాలమున సులభముగా నందుకొనును.

ప్రమాద సూచనలు

పని నడుమ ఇంజను హఠాత్తుగా పెద్దగా అరచుట, బలము తగ్గుట, పట్టరాని వేడి — ఇవి నూనె చాలని గుర్తులు కావచ్చును. వెంటనే ఆపవలెను. ‘ఈ రెండు సాళ్ళు ముగించి చూతము’ అనుకొనుటచేతనే పెక్కు ఇంజనులు పాడగుచున్నవి. చల్లారిన పిదప త్రాడు మెల్లగా లాగి చూచి, బరువుగా నున్నచో బలవంతము చేయక మేస్త్రీకి చూపవలెను.

ఇంజను కాలుచుండగా పెట్రోలు పోయరాదు. పంపును వీపుననుండి దించి, చల్లారనిచ్చి, నీడపట్టున పోసి, ఒలికినది తుడిచి, పోసినచోటికి పదియడుగుల దూరము పోయి త్రాడు లాగవలెను. చేత బీడీ, జేబులో మండు అగ్గిపుల్ల కూడవు. గొట్టముతో పెట్రోలును నోట పీల్చుట మానవలెను.

సభ్యులకు మనవి

రైతులు ఉమ్మడిగా కొన్న యంత్రములకును, సంఘములు కిరాయికిచ్చు వానికిని ఈ మూడు పనులు చేయుట యావశ్యకమని మా యభిప్రాయము. టాంకుమీద పాలు అంకె రంగుతో వ్రాయుట. యంత్రముతోపాటు గుర్తుగల డబ్బాను, సిరంజిని కలిపి యిచ్చుట. పెట్రోలు కలిపినవాడు తన పేరును తేదీని ఒక చిన్న పుస్తకములో వ్రాయుట. ఇందులకగు వ్యయము అత్యల్పము. అట్టి పుస్తకమే ఆ అయిదుగురి కొట్టములో నుండినయెడల తగవు పుట్టెడిది కాదు. అంతకన్న ముఖ్యముగా, ఇంజనే చెడియుండెడిది కాదు.

కాంటా దగ్గఱ చూపు శ్రద్ధలో నాలవవంతు పెట్రోలు డబ్బా దగ్గఱ చూపినచో చాలును. వచ్చు వానకాలమునకు ముందే ప్రతి సభ్యుడును తన పనిముట్ల పుస్తకమును తెఱచి, పాలు అంకెను చూచి, డబ్బామీద వ్రాసికొనుగాక యని కోరుచున్నాము.