యువజన సంఘము - బాధ్యత నేర్పు బడి

జటప్రోలు సంస్థానమునకు కొల్లాపురము రాజధానియై యుండెను. ఆ ప్రభువులు కవిపండితుల నాదరించిరి. పండితునకు ఆస్థానమున పీఠము లభించినది. మరి సామాన్య యువకునకు చోటెక్కడ? తెలంగాణమున ఆ చోటు చూపినది గ్రంథాలయోద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. నిజాం పాలనలో ఉన్నత పాఠశాలల బోధన ఉర్దూలో సాగెను. సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలసియుండెను. అట్టి కాలమున తెలుగు యువకులు పఠనమందిరములలోనే చదువను, చర్చింపను, పదుగురిలో మాటాడను నేర్చిరి.

స్వాతంత్ర్యానంతరము, 1972లో, నెహ్రూ యువ కేంద్రములు ఏర్పడి గ్రామ యువజన సంఘములకు చేయూత నొసగినవి. అయినను ఏ సంఘమునకైనను ప్రాణము నమ్మకమే. పదునారేండ్ల బాలునకు పఠనమందిరపు తాళపుచెవిని, బాలికకు చందాల లెక్కల పుస్తకమును అప్పగించి చూడుడు. బాధ్యత దానంతట అదియే అలవడును. లెక్క తప్పినపుడు గద్దింపక, ప్రక్కన కూర్చుండి మరల కూడించువాడే నిజమైన కార్యకర్త.

పాలమూరు పల్లెలనుండి తల్లిదండ్రులు పనులకై దూరప్రాంతములకు వలసపోయినపుడు, ఇంట మిగిలిన పిల్లవానిని పేరుపెట్టి పిలిచి, "నేడు రాలేదేమి నాయనా?" అని అడుగు పెద్ద ఒకడుండుట చిన్న సంగతి కాదు. ఉపాధ్యాయులారా! సాయంకాలము బడిగంట మ్రోగిన పిమ్మట ఒక గదిని తెరచియుంచుడు. దాని నిర్వహణను విద్యార్థులకే విడువుడు.