వయ్యారిభామను పూతకు ముందే పీకాలి
యువజనుల శ్రమదానం తొలకరిలో అయితేనే ఫలితం

తొలకరి జల్లు పడగానే అనంతపురం రైతు గొర్రు సిద్ధం చేసుకుంటాడు. అతను వేరుశనగ విత్తేలోపే రోడ్ల వార, చెరువుకట్ట మీద, బడి ఆవరణలో ఎవరూ విత్తని పైరు మరొకటి మొలకెత్తుతుంది. అదే వయ్యారిభామ.

అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్క 1950ల మధ్యలో పూణేలో కంటబడి, ఆ తర్వాత దేశమంతా అల్లుకుపోయింది. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. అనంతపురం రైతుకు మాత్రం ఇది చేసిన చేటు అంతటితో పోలేదు.

2000 సంవత్సరం ఖరీఫ్‌లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు రెండుంబావు లక్షల హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణమైన టొబాకో స్ట్రీక్ వైరస్‌కు వయ్యారిభామే ఆశ్రయమని శాస్త్రజ్ఞులు తేల్చారు. వైరస్ ఉన్నా ఆ మొక్కపై రోగ లక్షణం కానరాదు. దాని పువ్వుల్లో తిరిగే తామర పురుగులు పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలతాయి. అవి ఆకును గీకిన గాయం గుండా వైరస్ లోపలికి చేరుతుంది. లేత పైరుకు సోకితే మొక్క చావడమే గాని కాయ పట్టదు.

అంటే పువ్వు లేకుంటే పుప్పొడి లేదు, పుప్పొడి లేకుంటే తెగులుకు దారి లేదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

వారోత్సవాల నాటికి ఆలస్యం

వయ్యారిభామ నిర్మూలన వారోత్సవాలు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు జరుగుతాయి. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం దినోత్సవం సెప్టెంబరు 24న వస్తుంది. ఈ సందర్భాల్లో విద్యార్థులు ఉత్సాహంగా కలుపు పీకడం మెచ్చదగినదే. కాని జూన్ వానకు మొలిచిన మొక్క నెల, నెలన్నరకే పూతకు వస్తుంది. ముదిరిన మొక్క ఒక్కటే వేల గింజలు రాలుస్తుంది. అప్పుడు పీకి ఈడ్చుకుపోతే దారి పొడవునా విత్తినట్టే. ఎరువు దిబ్బలో వేస్తే ఆ గింజలు తిరిగి పొలానికే చేరతాయి.

ఎవరిదీ కాని చోటే ముఖ్యం

తన పొలం గట్టును రైతు శుభ్రం చేసుకోగలడు. రోడ్డు వార, బీళ్లలో, బడి ఆవరణలో పెరిగే కలుపుకు దిక్కెవరు? యువకులు నడుం బిగించవలసింది అక్కడే. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. కొడవలితో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చిన్నపిల్లలను ఈ పనికి దించరాదు. పూత లేని మొక్కలను కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు.

ఒక్కనాటి శ్రమదానంతో ఇది తీరేది కాదు. నేలలో దాగిన గింజ ప్రతి వానకూ మొలుస్తూనే ఉంటుంది. జూన్‌లో ఒకసారి, నెల తిరగకుండా మరొకసారి అదే చోటికి వెళ్లిన యువకులే ఊరి వేరుశనగకు కాపలా కాసినవారవుతారు.