సొమ్ము దాతది.. సలహా సంస్థది.. నిర్ణయం పట్టణానిదే!
నగర విధాన సంస్థల పనితీరు ఇదీ

శ్రీకాకుళం : సెప్టిక్‌ ట్యాంకు నిండితే బండి వచ్చి తోడుకుపోతుంది. ఆ మురుగును ఎక్కడ పారబోస్తున్నారో ఇంటి యజమానికి తెలియదు. దేశంలోని అనేక పట్టణాల్లో పురపాలక సంఘాల వద్దా దీనిపై చాలాకాలం లెక్క లేదు. ఇటువంటి సమస్యలను అధ్యయనం చేసి పరిష్కారాలు సూచించే లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటికి పన్నులు వేసే అధికారం గానీ, ఆదేశాలిచ్చే అధికారం గానీ లేవు. ఖర్చు దాతలు భరిస్తారు, పని పట్టణాల్లో జరుగుతుంది. ఈ ఇద్దరి నడుమ సంస్థ తన స్వతంత్రతను నిలుపుకోవడమే అసలు పరీక్ష.

వరంగల్‌ బాట

హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజ్‌ ఆఫ్‌ ఇండియా (ఆస్కీ) 1956లో ఏర్పడిన స్వయంప్రతిపత్తి గల సంస్థ. గేట్స్‌ ఫౌండేషన్‌ ఆర్థిక సాయంతో అది వరంగల్‌ మహానగర పాలక సంస్థకు సాంకేతిక సహకారం అందించింది. ఫలితంగా 2016లో మలవ్యర్థాల నిర్వహణకు ఆ నగరం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తోడే బండ్లకు అనుమతులు, కార్మికులకు రక్షణ సామగ్రి, నిర్దేశించిన చోటే వ్యర్థాల పారబోత వాటిలోని ముఖ్యాంశాలు. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ విధానాన్ని ప్రకటించింది. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురంలోనూ ఆస్కీ ఇదే రంగంలో పనిచేసింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. దాత ఇచ్చిన సొమ్ము అధ్యయనానికి, నిపుణులకు, శిక్షణకు ఉపయోగపడింది. నిబంధనలు వెలువడింది మాత్రం నగరపాలక సంస్థ పేరు మీదనే. సంస్థ ముసాయిదా రాయగలదు, సంతకం చేయలేదు. నిపుణులు వెళ్లిపోయిన తరువాత కూడా పని సాగాలంటే ఆ బాధ్యతను పట్టణ సిబ్బంది స్వీకరించాలి.

నిధులకు నిబంధనలు

దేశీయ సంస్థల విరాళాలతో పాటు కంపెనీల చట్టం-2013 ప్రకారం పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద వెచ్చించే సగటు లాభాల్లోని 2 శాతం సొమ్ము ఒక ఆధారం. విదేశీ విరాళాలకు కేంద్ర హోంశాఖ అనుమతి తప్పనిసరి. 2020లో చట్ట సవరణతో ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు.

ఒకే తరహా నిధిపై ఆధారపడితే ఏమవుతుందో ఢిల్లీలోని సెంటర్‌ ఫర్‌ పాలసీ రీసెర్చ్‌ అనుభవం చెబుతోంది. ఒడిశాలోని ఢెంకనాల్‌, అంగుల్‌ పట్టణాల్లో మలవ్యర్థాల నిర్వహణకు ఇతర సంస్థలతో కలిసి అది పనిచేసింది. ఢెంకనాల్‌లో 2018లో శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతిని కేంద్రం 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. నిబంధనల ఉల్లంఘన జరిగిందన్న ఆరోపణలను సంస్థ తోసిపుచ్చింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, నిధి ఆగితే పరిశోధకులు చెదిరిపోతారు. పట్టణం సొంతంగా నిర్మించుకున్న వ్యవస్థే చివరకు మిగులుతుంది.

మన పట్టణాల మాటేమిటి?

శ్రీకాకుళం, విజయనగరం పురపాలక సంఘాలు 2015లో నగరపాలక సంస్థలయ్యాయి. 2021 మార్చిలో విజయనగరానికి ఎన్నికలు జరగగా, శ్రీకాకుళంలో జరగలేదు. స్వతంత్ర సంస్థ ఎంత మంచి నివేదిక ఇచ్చినా, దాన్ని సభలో చర్చించి ఆమోదించవలసిన వారు ఎన్నికైన ప్రతినిధులే. పాలకవర్గం లేని చోట సలహా అధికారి బల్ల మీదకు చేరుతుంది. ఆ అధికారి బదిలీ అయితే దస్త్రం అక్కడే ఆగిపోయే ప్రమాదముంది. ప్రశ్నించవలసిన వార్డు సభ్యుడే లేనప్పుడు ఆ భారం పౌరుని పైనే పడుతుంది.

ఏదైనా సంస్థ పట్టణంతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంటే పౌరులు మూడు విషయాలు అడగవచ్చు. సొమ్ము ఎవరిది? సేకరించిన సమాచారం ఎవరి అధీనంలో ఉంటుంది? గడువు ముగిశాక నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారు? సమాచార హక్కు చట్టం-2005 కింద దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో నగరపాలక సంస్థ సమాధానం ఇవ్వాలి. ఈ మూడింటికి స్పష్టమైన జవాబు ఉన్న ఒప్పందమే పట్టణానికి మేలు చేస్తుంది.